నాలుగు మూలల బూజు

కుర్మన్న అని ఒకడుండె, ఎర్రగుట్టపల్లిల. మీసమున్నదనుకో, మనిషి కన్న ముందు మీసమే వచ్చేదంట ఇంట్లకు. నవ్వకు బుచ్చమ్మా, ఇంకా నేనేం జెప్పనే లేదు. మీరు గెలలు కొట్టుడు ఆపకుండ్రి, కట్టె ఆడనియ్యుండ్రి, ఆముదాలు రాలుతుండాలె, నేను జెప్తుండాలె. ఆ, కుర్మన్న. ఊర్ల ఆయనకు పెద్ద పేరు. ఎందుకంటే సాగనంపుడు చాట మోసేది ఆయనే. తాత మోసిండు, నాయిన మోసిండు, ఇగ ఆయన మోస్తుండు. సాగనంపుడంటే ఏందంటవా, పట్నం పిల్లవు నీకెట్ల తెలుస్తది, ఇను. ఆ ఊర్ల ఏ పంటకు రోగమొచ్చినా, జొన్నకు రానీ, పల్లికి రానీ, రోగమొచ్చిన చెలకల నుంచి నాలుగు కంకులో కొమ్మలో కోసి, పసుపు కుంకుమ పెట్టి, ఎర్ర దారం కట్టి చాటల పెడ్తరు. డప్పు ముందు నడుస్తది, చాట ఎన్క నడుస్తది. ఊర్ల ఉన్న ప్రతి చెలకలకు పోవాలె, ప్రతి చెలకల నాలుగు మూలలకు పోవాలె, ప్రతి మూలకు చాటల ఉన్నదాన్ని తాకియ్యాలె. తాకిస్తే రోగం దాంట్లకు ఎక్కుతదంట. ఆఖరికి తీసుకపోయి పొలిమేర అవుతల పారేసి, ఎన్కకు తిరిగి సూడకుంట వచ్చుడు. అవుతల ఊరోళ్ళేం గావాల్నో అది మాత్రం ఎవడూ అడగలే.

ఇగ కుర్మన్నకు ఒక తమ్ముడుండె, బీచుపల్లి. మంచోడు. పాము కరిచి పోయిండు, అప్పటికి రెండేండ్లాయె. బీచుపల్లి పెండ్లాం ఈదమ్మ. ఆమెకు ఉన్నది మూడెకరాల ఎర్ర చెలక, అంతే, కూడు వెట్టేది అదొక్కటే. ఆ చెలక పక్కనే కుర్మన్న చెలక, నడుమ ఒక గెట్టు. తమ్ముడు పోయిన కాన్నుంచి కుర్మన్నకు ఆ గెట్టు మీదనే కన్ను. గెట్టు తీసేస్తే ఒక్కటే పెద్ద చెలక అయితది గదా, నాగలి మలుపుకోకుంట పోవచ్చు. ఆయన ఏం జేసిండంటే, మిరుగు కార్తె రాంగనే పెద్దమనుషులను కూసోవెట్టి, ఒక్క ఆడిమనిషి ఎవుసం జేసుడేంది, బీడు వడ్తది చెలక, నాకిస్తే నేను దున్నుకుంట, ఆమెకు తిండిగింజలు ఏస్త అన్నడంట. ఈదమ్మ అక్కడనే నిలవడ్డది, కొంగు నడుముకు చెక్కుకొని. పొట్టి మనిషి, గొంతు మాత్రం పొట్టిది గాదు. బావా, ఈ యేడు ఆముదం నేనే ఏస్త, నాలుగు మూలలు నిండ పండిస్త అన్నది. పండకపోతె నా చేతులతోనే గెట్టు తవ్వేస్త, చెలక నువ్వే చేసుకో, నేను నీ దాంట్లనే కూలికొస్త. పండితె మాత్రం, బావా, నువ్వు బతికినన్ని దినాలు గెట్టు మాట ఎత్తొద్దు. పెద్దమనిషి మొగులయ్య ఉండె గదా, ఆయన, ఇన్నరు గదరా అందరు అని తువ్వాల దులిపి లేసిండు. మాట వడ్డది. కుర్మన్న మీసం దువ్వుకుంట ఇంటికి పోయిండు, గెట్టు సగం తవ్వినట్టే అనుకున్నడు.

ఏమైందంటే, ఇత్తనం వేసేటప్పుడే మొదలాయె పరాచికం. ఆ యేడు ఊరంతా ఆముదమే. కుర్మన్న సాళ్ళు దగ్గర దగ్గర ఏసిండు, ఎన్ని చెట్లయితే అన్ని గెలలని ఆయన లెక్క. ఈదమ్మ సాళ్ళు ఎడమెడమ ఏసింది. ఎందుకంటే ఆమెకు ఒక్కటే ఎద్దు, దాంతోని కలుపు గుంటక తోలాలంటే సందు కావాలె, అంతే, తెలివి అనుకునేరు. కుర్మన్న గెట్టు మీద నిలవడి, ఏం మర్దలా, సాళ్ళ నడుమ బండి తోల్తవా, పెండ్లి ఊరేగింపు తీస్తవా అన్నడు. ఆమె ఎద్దును అదిలించుకుంట పోయింది. చెట్లు ఎదిగినయి, ఎదిగినయి, నడుము దాటినయి, గెలలు లేసినయి. అబ్బ, ఆ యేడు గెలలు సూడాలె మీరు. మూరెడు గెల, కాయ మీద కాయ, ఎర్రటి పూత కొసన. ఊరు ఊరంతా మురిసింది. కుర్మన్న దాంట్లయితే ఒక చెట్టు గెల ఇంకో చెట్టు గెలకు తాకుతుండె, లోపలికి గాలి గుడ పోకుంట.

అగో, అప్పుడు వట్టుకున్నది ముసురు. ఉత్తర పోయి అస్త కార్తె వచ్చినప్పుడు, ఐదు దినాలు పొద్దు మొకం సూడలే ఎవ్వరు. వానంటే దంచి కొట్టే వాన గాదు, జల్లు, జల్లు, పొద్దుగాల జల్లు, మాపటికి జల్లు, గుడిసెల్ల కట్టెలు గుడ అంటుకుంటలెవ్వు. ఐదో దినం సాయిలు ఉరుక్కుంట వచ్చిండు. ఆయనది వాగు ఒడ్డున చెలక. వచ్చి ఏమన్నడంటే, నా ఆముదం చెట్టుకు దూది కాసిందిరో అన్నడు. అందరు నవ్విండ్రు. పోయి సూస్తే నవ్వు ఆగిపోయింది. గెలల మీద బూడిద రంగు బూజు, దూదిపింజ లెక్క, కాయలను మూసేసింది. చేత్తోని ముట్టుకుంటే కాయ మెత్తగ, చితికి రసం కారుతది. నొక్కితే లోపల గింజ పొల్లు. జర ఊపితే గెల మీదికెళ్ళి పొగ లేసినట్టు లేస్తది బూజు. మొగులయ్య సూసిండు, ఇది బూజమ్మ అన్నడు. అంతకు ముందు బూజమ్మ అనే పేరు ఎవ్వరు ఇనలే, ఆయన నోట్లెకెళ్ళి ఆ దినమే పుట్టింది, అయినా అందరు చేతులు జోడిచ్చిండ్రు. బేస్తారం నాడు బూజమ్మ సాగనంపుడు అని చాటింపయింది. కుర్మన్న కొత్త ధోతి తీసిండు.

మరి ఈదమ్మ ఏం చేస్తుండె అంటే, ఆమె అప్పటికి రెండు దినాల ముందే సాయిలు చెలకల గడ్డి కోయనీకి పోయింది. అందరు దూదిని సూసిండ్రు, ఆమె దూది కన్న ముందున్నదాన్ని సూసింది. కాయ మీద చిన్న చిన్న మచ్చలు, కొంచెం నీలం పారినట్టు, ఆ మచ్చ నుంచి పసుపుపచ్చ రసం బొట్టు బొట్టు చెమట లెక్క. ఏందబ్బా ఇది అనుకొని ఆ గెలకు గడ్డిపోచ కట్టి గుర్తు వెట్టుకున్నది. రెండో దినం పోతే ఆ గెలనే బూడిదయి ఉన్నది. పక్కన తాకిన గెలకు అప్పుడే పసుపు బొట్లు. అగ్గో, ఆమెకు అప్పుడు ఎరుకాయె. ఇంటికొచ్చి మామిడికాయ తొక్కు జాడీ మూత తీసి సూసుకుంట కూసున్నదంట. తడి చెయ్యి పెడితే తొక్కుకు బూజొస్తది, మనకు తెలవదా? ఒక్క ముక్కకు వస్తే పక్క ముక్కకు ఎక్కుతది. ఆ బూజు పట్టిన ముక్కను తీసుకపోయి పక్కింటామె జాడీల కలుపుతమా ఎవలమన్నా? ఇంతే ఆమె ఆలోచన, ఇంతకన్న పెద్ద సదువు లేదు. ఆ తెల్లారి ఎవుసం ఆఫీసు మేడం బండి మీద వచ్చింది ఊర్లకు. బూజు తెగులు ఇది, రేపొక్క దినం తెరిపిస్తది, ఎల్లుండి మల్ల ముసురున్నది, ఆ తెరిపిలనే మందు కొట్టుకోండి, వాన పడ్డంక కొడితే లాభం లేదు అని మొత్తుకున్నది. మందు పేరు నాకు నోరు తిరగది, పొడి మందు, లీటరు నీళ్ళకు గ్రాము. మొగోళ్ళందరు, సాగనంపుడు అయినంక సూద్దాం మేడం అన్నరు. ఈదమ్మ మాత్రం చిట్టీ మీద రాయించుకున్నది. బుధవారం తెరిపిచ్చింది. ఆమె పంపు ఎన్కకు కట్టుకొని, ఎడమెడమ సాళ్ళు గదా, రెండు దిక్కుల నుంచి గెల తడిసేటట్టు కొట్టింది, మూడెకరాలు, పొద్దు గూకేదాక. భుజాలు బొబ్బలెక్కినయంట. అక్కడక్కడ పసుపు బొట్టు కనవడ్డ గెలను కోసి సంచిల ఏసుకున్నది, గాలికి గుడ వస్తది గదా కొంత.

బేస్తారం వచ్చింది. మల్ల జల్లు. డప్పు మోగుతున్నది, చాటల సాయిలు చెలక గెలలు, బూజుకు బూజు, కుంకుమకు కుంకుమ. డప్పు ఎన్క కుర్మన్న నడుస్తుండు, ఆయన ఎన్క ఊరు ఊరంతా, తడిసిన బట్టలతోని తడిసిన చెట్ల నడుమకెళ్ళి. ఒక చెలక, నాలుగు మూలలు. ఇంకో చెలక, నాలుగు మూలలు. మూలకు పోయి గెలను గెలకు తాకిచ్చుడు, బూజు పొగ లెక్క లేసుడు, పోయింది పోయింది అని అందరు అరుసుడు. అప్పుడు నేను... అప్పుడు కుర్మన్న ఉన్నడు గదా, ఆయనకు రాజు అయినట్టు ఉండె. నవ్వకుండ్రి అంటే ఇనరు మీరు. ఆఖరికి సొంత చెలక నాలుగు మూలలు తాకిచ్చుకొని గెట్టు మీదికొచ్చిండు. గెట్టు మీద ఈదమ్మ నిలవడ్డది, చేతిల కొడవలి. బావా, ఆడనే ఆగు అన్నది. డప్పు ఆగింది. ఏంది ఆగేది, జరుగు అన్నడు కుర్మన్న. జరగ అన్నది. బావా, తడి చెయ్యి తొక్కుల పెడితే ఏమయితది? ఏందీ తొక్కు ముచ్చట ఇప్పుడు? చెప్పు బావా, ఏమయితది? బూజొస్తది. ఆ బూజొచ్చిన ముక్కను ఊర్ల ఉన్న జాడీలన్నిట్ల ఏసుకుంట తిరిగితే ఏమయితది? కుర్మన్నకు కోపమొచ్చింది, మా తాత చేసిందాన్ని నువ్వు తొక్కు అంటవా అని ఎగిరిండు. తాతను నేనేమంటలేను, చాటను అంటున్న అన్నది ఆమె. గీ చాట నా చెలకల కాలు వెట్టొద్దు. ఎన్కకెళ్ళి జనం అదిలిచ్చుడు మొదలువెట్టిండ్రు. అమ్మను ఆపుతవా, ఒక్క చెలక ఇడిస్తే ఊరంతా పాడయితది, నీదాంట్ల ఆగినామె నీదాంట్లనే ఉంటది అని. ఉంటే ఉండనియ్యి, నాలుగు దినాల్ల ఎవరి ఇంట్ల ఉంటదో సూద్దాం అన్నది. డప్పు కొట్టే ఎల్లన్న, ఆడిమనిషి వద్దంటే ఎట్ల తొక్కుతం, నేను రాను అని డప్పు భుజాన ఏసుకున్నడు. ఇగ ఏం జేస్తరు, జనం పొలిమేర దిక్కు మళ్ళింది.

కుర్మన్న మాత్రం మళ్ళలే. అందరు మళ్ళినంక, ఈదమ్మ గుడ అటు తిరిగినంక, చాటలకెళ్ళి ఒక గెల తీసిండు. సూసినోడు లేడు. ఎర్ర దారం కట్టిన గెల. గెట్టు మీదికెళ్ళి ఇసిరిండు, ఈదమ్మ చెలక తూర్పు మూలకు. ఒక్క మూలన్న తాకితే చాలు, సాగనంపుడు చెడదు అని ఒక మనసు. ఇంకో మనసు ఏమన్నదో నేను జెప్ప, మీరే అనుకోండ్రి. గెట్టు సగం తవ్వినట్టే అని అప్పటికే అనుకున్నడని జెప్పిన గదా.

ఇగ వాన. నాలుగు దినాలు. ఐదో దినం పొద్దు పొడిసింది. జనం చెలకలకు ఉరికిండ్రు. ఉరికినోళ్ళు అట్లనే కూలవడ్డరు. ప్రతి చెలకల బూజే. బూడిద బూడిద. కుర్మన్న చెలకలయితే చెట్టుకు చెట్టు తాకి ఉండె గదా, చెప్పుకోవద్దు, కాయలు కుళ్ళి కింద రాలుతున్నయి, వాసన గుడ వస్తున్నది. అందరు ఒక్కతీరుగ ఏమన్నరంటే, ఈదమ్మ ఆపింది, అందుకే అమ్మ అలిగింది. మొగులయ్యను ముందర వెట్టుకొని అందరు ఈదమ్మ చెలక మీదికి పోయిండ్రు. పొయ్యేటోళ్ళల్ల కుర్మన్న ముందున్నడు, చేతిల గడ్డపార, గెట్టు తవ్వనీకి. ఈదమ్మ తూర్పు మూల నుంచి వస్తున్నది. ఒక పిడికిలి మూసి ఉన్నది. మొగులయ్య, అమ్మా, ఊరు మునిగింది నీ వల్ల, ఆ గెట్టు నీ చేతులతోని తియ్యి, మాట ఇచ్చినవు అన్నడు. ఆమె, తీస్త పెద్దయ్యా అన్నది, నాది పండకపోతె తీస్త, ముందుగాల అందరు ఎర్రగుట్ట ఎక్కుండ్రి, ఒక్కపారి మీదికెళ్ళి సూడుండ్రి, సూసినంక మీరేమంటే అది. సరే ఎక్కుదమన్నరు, గుట్టెంత, అరపొద్దు గుడ పట్టది.

ఎక్కి తిరిగి సూసిండ్రు. ఏమున్నదంటే కింద, పచ్చటి చెలకలు ముగ్గు గళ్ళ లెక్క పరిసి ఉన్నయి, ఆ ప్రతి గడికి నాలుగు మూలలకు నాలుగు బూడిద మరకలు. నాలుగు మూలలు, నాలుగు మూలలు, ఎటు సూసినా నాలుగు మూలలు. కొన్నిట్ల మూలల నుంచి నడుమకు పాకుతున్నది. చెలకకు చెలకకు నడుమ గుడ ఒక బూడిద దారి, సాగనంపుడు నడిచిన దారి, ఎట్ల తిరిగిండ్రో అట్ల, గీత గీసినట్టు. మొగులయ్య వేలు సాపి లెక్క వెట్టిండు, నాది నాలుగు, వానిది నాలుగు, ఎల్లన్నది నాలుగు. లెక్క వెట్టుకుంట వెట్టుకుంట ఆగిపోయి, ఎవడు పెట్టిండురా నాలుగు మూలలకు అన్నడు. అని ఆయనే మొకం దించుకున్నడు, చాటింపు ఏయించింది ఆయనే గదా. ఈదమ్మ చెలక పచ్చగున్నది. ఒక్క తూర్పు మూల మాత్రం ఎర్ర మన్ను కనవడ్తున్నది, మంచం అంత జాగ, చెట్లు లేకుంట. ఆ మూల ఏందమ్మా ఖాళీ ఉన్నది అని అడిగిండు మొగులయ్య. ఆడ పసుపు బొట్లు కనవడ్డయి పెద్దయ్యా, చుట్టున్న చెట్లన్నీ కోసి మూతి కట్టిన సంచిల తెచ్చి బండ మీద కిరసనాయిలు పోసి కాలవెట్టిన. మరి నీ మిగిలిన మూడు మూలల్ల లేంది ఆ ఒక్క మూలకు ఎట్లొచ్చింది? కుర్మన్న సూసిండు. మూసిన పిడికిట్లెకెళ్ళి ఎర్ర దారం కొస బయటికి వచ్చి ఉన్నది. ఆమె ఒక్కపారి ఆయన మొకం సూసింది, పిడికిలి ఇంకా గట్టిగ మూసింది. జెప్పలే. ఊరంతా ముందరున్నది, మూడెకరాలు పోతయా ఉంటయా అన్న కాడ ఉన్నది, అయినా జెప్పలే.

అప్పుడు కుర్మన్న ఏమన్నడంటే, నేనే ఇసిరిన అన్నడు. అన్నడేంది, అన్న. ఇగ దాసుడెందుకు, మీరు పొద్దుటి నుంచి నవ్వుతనే ఉన్నరు, ఈ పట్నం పిల్లకొక్కదానికే తెలవది. ఆ కుర్మన్నను నేనే బిడ్డా. మీసం తెల్లబడ్డది, అంతే. నేనే ఇసిరిన పెద్దయ్యా అని అన్న, ఆ గుట్ట మీదనే కూసున్న. నా తాత మోసిన చాట, నా నాయిన మోసిన చాట, ఊరంతటికి రోగం నా చేతులతోని పంచిన. నా తమ్ముని పెండ్లాం నోట్లె మన్ను కొట్టనీకి ఒక గెల సాటుగ ఇసిరిన. సిగ్గయింది. ఇయ్యాల గుడ అయితది, అందుకే నవ్వుకుంట జెప్త. మా మర్దలు ఏమన్నదంటే, కూసుంటే ఎట్ల బావా, ఎండ ఉన్నది, ఇప్పుడే కోయాలె, మల్ల ముసురొస్తే గీ మిగిలింది గుడ ఉండది అన్నది. అంతే. ఇంకో మాట లేదు.

ఆ దినం నుంచి ఎట్ల పనిచేసినమో మీరు నమ్మరు. మంచు ఆరినంకనే చెలకల కాలు వెట్టుడు, తడి మీద తిరుగుడు బంద్. బూజు గెల కనవడితే ఊపకుంట, దులపకుంట, మెల్లగ కోసి సంచిల ఏసి మూతి కట్టుడు. పసుపు బొట్టు ఉన్నది గుడ కోసుడే, పాణం ఒప్పకున్నా కోసుడే. మేడంను మల్ల పిలిపిచ్చినం, ఆమె ఏమనకుంట వచ్చింది పాపం, మందు కొట్టిపిచ్చింది, పదునున్నప్పుడే యూరియా జర ఏయుండ్రి, పక్క కొమ్మలకు కొత్త గెలలొస్తయి అన్నది. వచ్చినయి బిడ్డా. మొదటి గెలలు పోయినా రెండో గెలలు, మూడో గెలలు ఊరిని నిలవెట్టినయి. నాకు సగమే వచ్చింది, దగ్గర దగ్గర ఏసిన పాపం నాదే. ఈదమ్మకు నాలుగు మూలలు నిండ వచ్చింది, మంచమంత జాగ తప్ప. ఆ జాగల గుడ ఆమె అనపకాయ పెట్టి కాపిచ్చింది, మాట తప్పలే.

సాగనంపుడు ఇప్పటికి ఉన్నది మా ఊర్ల, మానలే. డప్పు మోగుతది, ఎర్ర దారం కడ్తం, కానీ చాట లేదు, మూతి కట్టిన సంచి. చెలకలల్లకు పోము, బాట మీదికెళ్ళి నడుస్తం. పొలిమేర అవుతల పారెయ్యం, ఇవుతలనే బండ మీద కాలవెడ్తం, అవుతలోళ్ళు గుడ మనుషులే గదా. సంచి మోసేది నేనే, అది మా ఇంటి హక్కు, ఎవనికీ ఇయ్య. ఆ పిడికిట్ల దారం ఏమాయె అంటవా? తెచ్చి గెట్టు రాయికి కట్టింది, ఎండకు రంగు పోయి తెల్లగైంది, ఉన్నది ఇంకా. నేను ఆమె చెలకలకు పోవాలంటే ఇప్పటికి ఆ రాయి కాడనే ఆపుతది. చెంబుతోని నీళ్ళు తెచ్చి, చేతులు కడుక్కో బావా అంటది. ఇరవై ఏండ్లాయె, కడుక్కుంటనే ఉన్న. కొట్టుండ్రి ఇగ, కట్టెలు ఆపితిరేంది, పొద్దు వాలుతున్నది.